మా నాయిన తవ్విన బొంబాయి

మా ఊర్ల ‘ఫలానోడు బొంబాయి పోయిండు’ అంటే ఊరు చూడబోయిండని ఎవరూ అనుకోరు. అప్పయ్యిందనుకుంటారు. బిడ్డ పెండ్లికి అయ్యిందా, బాయి ఎండి అయ్యిందా, దవాఖానకు అయ్యిందా, అంతవరకే అడుగుతారు. మాది పాలమూరు. కాగితాల మీద మహబూబ్‌నగర్ జిల్లా అని రాస్తారు గానీ దేశంలో మమ్మల్ని పిలిచే పేరు పాలమూరు లేబరు. దసరాకో ఉగాదికో గుంపు మేస్త్రీ వచ్చి అడ్వాన్సు ఇస్తాడు. ఆ పైసలు మా ఇంట్ల ఒక్క రాత్రి కూడా పండుకోవు. అటునుంచి అటే పటేలు ఇంటికి పోతాయి. తెల్లారి మనిషి బస్సెక్కుతాడు.

అట్లాంటి బొంబాయికి నేను 1998 జనవరిలో, సంక్రాంతి సెలవుల్లో, చూడటానికి పోయాను. చేతిలో బ్యాగు, కాళ్ళకు కొత్త చెప్పులు, పక్కన పెనిమిటి. మా మాదిగ గేరిలో నాకంటే ముందు అట్లా పోయినోళ్ళు లేరు. చెప్పిపోదామని ఊరికి పోతే, చేటల బియ్యం చెరుగుతున్న మా అవ్వ చెయ్యి ఆపి, “ఎంతైంది బిడ్డా అప్పు?” అన్నది.

అప్పు లేదవ్వా, చూడనీకి పోతున్నం అంటే నమ్మలేదు. అల్లుడు జూనియర్ కాలేజీల లెక్చరరు, నేను ప్రైమరీ బడిల టీచరమ్మను. ఇద్దరికీ నెల కాంగనే జీతం వస్తుంది. అయినా ఏదో దాస్తున్నామనే ఆమె అనుమానం.

“చూడనీకి ఏమున్నదే ఆడ? మీ నాయిన పదమూడేండ్లు జూసిండు. ఏం తెచ్చిండు? దగ్గు తెచ్చిండు.”

మంచంల కూసున్న నాయిన దగ్గుకుంటనే నవ్విండు. “పోనియ్యే. చూడవలసిన ఊరే అది” అన్నాడు.

మా నాయిన 1972 కరువుకు బొంబాయి పోయినోడు. 1985లో ఛాతీ చెడి వాపసు వచ్చినోడు. నడుమ ఏడాదికోసారి పదిహేను రోజులు ఇంటికి వచ్చేటోడు. ఆయన పని రోడ్లు తవ్వుడు. టెలిఫోను తీగలకు, నీళ్ళ పైపులకు, మోరీలకు రోడ్డు పగలగొట్టి కాలువ తియ్యాలి. తీగ పడ్డంక మళ్ళా పూడ్చాలి. పూడ్చినంక అక్కడ మనిషి పనిచేసిన గుర్తు ఏదీ ఉండదు. డ్యాము కట్టినోడు వయసైనంక పోయి డ్యామును చూపెట్టుకోవచ్చు. మా నాయినకు అదీ లేదు.

బడికి పోలేదు గనుక బోర్డులు చదవరాదు. అందుకని ఆయన బొంబాయిని లోతుల లెక్కన చెప్పేటోడు. “తాడ్‌దేవ్‌ల మోకాలు లోతుకే బండ తగుల్తది. చేతులు బొబ్బలెక్కుతయి. లామింగ్టన్ రోడ్డు నడుము లోతు, మంచి మట్టి. కోట కాడ ఛాతీ లోతు, అది చెడ్డ జాగ, రాత్రిపూటనే తవ్వాలె, తవ్వుతుంటె అడుగుకెళ్ళి ఉప్పునీళ్ళు ఊరుతయి.” కోట అంటే ఫోర్టు. ఊరు ఊరంతా సముద్రాన్ని పూడ్చి, ఏడు దీవుల్ని కలిపి కట్టిందని తర్వాత నేను పుస్తకంలో చదువుకున్నా. మా నాయినకు ఆ సంగతి గడ్డపార చెప్పింది.

ఇంకొకటి చెప్పాలి. మా ఇంటి గోడకు నాయిన ఫొటో ఒకటి ఉండేది. తెల్ల అంగీ, కొత్త ధోతి, చేతులు రెండూ పక్కలకు బిగబట్టి నిలబడ్డడు. ఎనుక గేట్‌వే ఆఫ్ ఇండియా. దాని పక్కన తాజ్ హోటలు. సముద్రం, రెండు పడవలు. నా చిన్నతనమంతా మా ఇంట్ల గొప్ప వస్తువు అదే. ఆరో తరగతిల సోషల్ పుస్తకంలో గేట్‌వే బొమ్మ వచ్చిన్నాడు నేను లేచి నిలబడి “మా నాయిన ఆడ ఫొటో దిగిండు సార్” అన్నా. సారు నా దిక్కు చూసి, “మీ నాయిన ఆడ ఏం జేస్తడే, ఊడుస్తడా?” అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్ల ఉన్నది. అందుకని బొంబాయి పోతే గేట్‌వే దగ్గర, సరిగ్గా నాయిన నిలబడ్డ చోట నిలబడి ఫొటో దిగాలనేది నా పట్టు. ఎవరికీ చెప్పకుండా ఫ్రేమ్‌లోంచి ఆ ఫొటో తీసి బ్యాగుల పెట్టుకున్నా.

ఆయన లిస్టు వేరు. మా ఆయనది నల్లగొండ జిల్లా. కారంచేడు తర్వాత దళిత మహాసభలో తిరిగిన మనిషి. మా పెండ్లి 1997లో అంబేడ్కర్ ఫొటో ముందర దండలు మార్చుకుని చేసుకున్నాం. ఒకరినొకరం నువ్వు అనే పిలుచుకోవాలని ఆ రోజే అనుకున్నాం, పెద్దల ముందర మాత్రం నా నోటికి ఆ మాట రాదు. ఆయన జేబులో కాగితం: సిద్ధార్థ కాలేజీ, ఎల్ఫిన్‌స్టన్ కాలేజీ, పరేల్ చాల్, రాజగృహ, చైత్యభూమి, ఘాట్కోపర్ రమాబాయి నగర్. ఆరు నెలల కిందటే, 1997 జులై 11న, బాబాసాహెబ్ విగ్రహానికి చెప్పుల దండ వేసినారని రోడ్డెక్కిన మనవాళ్ళ మీద పోలీసులు కాల్పులు జరిపింది అక్కడే. పదిమంది చనిపోయారు. ఆయన లిస్టులో గేట్‌వే లేదు.

“రాజు దిగినాడని కట్టిన కమాను అది. మనకేం పని?” అన్నాడు రైల్లో.

“నాకున్నది పని” అన్నా. అంతకుమించి చెప్పలేదు.

తెల్లవారుజామున వీటీ స్టేషన్‌లో దిగాం. దానికి అప్పటికే రెండేళ్ళ కింద పేరు మార్చారు, 2017లో ఇంకోసారి మార్చారు. మా ఊరోళ్ళు మాత్రం ఇప్పటికీ వీటీ అనే అంటారు. నాయినతో కలిసి పనిచేసిన మా పెద్దనాయిన స్టేషన్‌కు వచ్చి ఉన్నాడు. పని చేసే వయసు అయిపోయి, అప్పటికి ఏదో గోదాముకు వాచ్‌మన్‌గా ఉన్నాడు. నా చేతి బ్యాగు గుంజుకుని నెత్తిన పెట్టుకోబోతే ఇద్దరం పట్టుకుని ఆపాం.

ఆయన ఉండేది కామాటిపురలో. ఆ పేరు వినంగనే మా ఆయన ముఖం మారింది. నాకూ ఒక్క క్షణం కాళ్ళు ఆగినయి. దేశానికంతా అది ఇంకో పనికి పేరుపడ్డ జాగ. మా నాయిన బతికినన్నాళ్ళూ ‘బైకుల్లా దగ్గర’ అనే చెప్పిండు గానీ ఆ పేరు ఎత్తలేదు. కానీ ఆ పేరు పెట్టింది మనోళ్ళ మీదనే. రెండు వందల ఏళ్ళ కింద నిజాం రాజ్యం నుంచి, మన తెలంగాణ ఊళ్ళ నుంచి రాళ్ళు కొట్టను, మట్టి మొయ్యను వచ్చిన కామాటోళ్ళు నిలబెట్టిన పేట అది. గల్లీలకు పేర్లు లేవు, నంబర్లే. కొన్ని గల్లీల్లో ఆ వ్యాపారం. కొన్నిట్లో బిడ్డల్ని బడికి పంపుకుంటూ సంసారాలు. బయటివాళ్ళకు ఆ తేడా పట్టదు. పెద్దనాయిన ఉండే గదిలో తొమ్మిదిమంది, షిఫ్టుల వారీగా పండుకుంటారు. మేమొస్తున్నామని నలుగురు బయట చబూత్ర మీద పండుకున్నారు. మాకు చాయ్, పావు పెట్టి, “అల్లుడా, ఇల్లు చిన్నది” అని మూడుసార్లు చెప్పుకున్నాడు.

తొమ్మిదింటికి ఇద్దరం బయటపడ్డాం. బస్సెక్కి మళ్ళా వీటీ దగ్గర దిగి అక్కడినుంచి నడక. ఆ స్టేషన్‌ను పగటి వెలుతురులో అప్పుడే చూశాను. 1888లో కట్టారట. రాతిలో ఆకులు, పక్షులు, కోతులు చెక్కినారు. నేను పైకి చూస్తుంటే ఆయన తొందరపెట్టాడు. ఫోర్టులో సిద్ధార్థ కాలేజీ ముందర నిలబడి ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. బాబాసాహెబ్ పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి 1946లో మొదలుపెట్టిన కాలేజీ ఇది. పగలు నౌకరీ చేసుకునే పిల్లలు కూడా చదువుకోవాలని పొద్దుగాల క్లాసులు పెట్టించిండు. ఇదే ఊళ్ళో అంతకుముందు 1918లో సిడెన్‌హామ్ కాలేజీకి ప్రొఫెసరుగా వస్తే, తోటి ప్రొఫెసర్లు తాము తాగే నీళ్ళ కుండ ముట్టొద్దన్నారు. చెప్తుంటే ఆయన గొంతు గద్గదమైంది. నాకు వినాలనే ఉంది గానీ కొత్త చెప్పు కరుస్తున్నది.

అక్కడినుంచి కొంచెం ముందుకు, ఒక పక్కసందు మలుపులో, రోడ్డు తవ్వుతున్నారు.

మొదట తెలుగు వినపడింది. ఆ తర్వాత మనుషులు కనపడ్డారు. రోడ్డు కింద నుంచి మాటలు: “తట్ట అందుకో... జరుగవే... జరుగు.” అది మా తాలూకా మాట. నేను ఉరికినట్టే పోయాను. పొడుగు కాలువ. అందులో నలుగురు మగవాళ్ళు, పైన ఇద్దరు ఆడవాళ్ళు. తట్ట మోసే పిల్లకు పద్దెనిమిదేళ్ళు ఉంటయ్యో లేదో. నెత్తి మీద గుడ్డచుట్ట, చీరె మీద మొగోళ్ళ అంగీ. “ఏ ఊరు?” అంటే చెప్పింది. మా ఊరికి ఏడెనిమిది మైళ్ళు.

“మీరేం పని మీద వచ్చిండ్రక్కా?”

“ఊరు చూడనీకి.”

ఆ పిల్ల నవ్వింది. వెక్కిరింత కాదు, నిజంగనే నవ్వొచ్చింది ఆమెకు. “ఏం జూస్తరు?”

గేట్‌వే అని చెప్పటానికి నాకు నోరు రాలేదు. చివరికి చెప్పా. “అది దూరమా?” అంది. అక్కడికి సందులు పట్టుకుని నడిస్తే అరగంట కూడా పట్టదు. ఆమె వచ్చి నాలుగు నెలలైంది. పొద్దున లారీ తెస్తుంది, చీకటి పడితే లారీ తీసుకపోతుంది. ఎక్కడికని అడిగితే ఆ పేటకు పేరు కూడా ఆమెకు తెలవదు.

మా ఆయన జేబులోంచి పెన్ను తీసి కూలి ఎంత, అడ్వాన్సు ఎంత, మేస్త్రీ ఎవరు అని అడగటం మొదలుపెట్టిండు. కాలువలో ఉన్న పెద్దమనిషి ఒకరు “సారూ, మీరు అడిగి పోతరు, మాకు సాయంత్రం దెబ్బ పడ్తది” అన్నాడు. ఆయన పెన్ను మూసేశాడు. నేను ఒంగి కాలువలోకి చూశా. అడుగున చీలమండ దాకా నల్లటి నీళ్ళు.

“ఉప్పగుంటయా?” అని అడిగా.

“నోట్లె ఎవరు పోసుకున్నరక్కా? కండ్లల్ల పడితే మండుతయి” అంది ఆ పిల్ల.

ఛాతీ లోతు. నాయిన సరిగ్గనే చెప్పిండు. పదమూడేళ్ళ నుంచి ఆయన ఆ ఊరికి పోలేదు. అదే ఊరు, అదే లోతు, అవే నీళ్ళు. మేస్త్రీ కేకవేసేసరికి ఆ పిల్ల తట్ట ఎత్తుకుంది. నా బ్యాగులో రైలుకని అవ్వ కట్టిచ్చిన సజ్జరొట్టెలు ఇంకా రెండున్నాయి. అవి ఆమె చేతిలో పెట్టి వచ్చేశాను. డబ్బు ఇయ్యాలని తోచలేదు. తోచినా చెయ్యి రాకపోయేదేమో.

ఎల్ఫిన్‌స్టన్ కాలేజీ ముందు ఆయన మళ్ళా నిలబడ్డాడు. బాబాసాహెబ్ 1912లో బీయే పాసైంది ఇక్కడే. కానీ ఈసారి ఎక్కువ చెప్పలేదు. నేనే అన్నా: “ఈడికెళ్ళి గేట్‌వే దగ్గరేనంట.” పదమన్నాడు.

గేట్‌వే దగ్గర జనం, పావురాలు, పల్లీలమ్మేటోళ్ళు, మెడలో కెమెరాలు వేసుకుని వెంటపడే ఫొటోవాళ్ళు. బోర్డు చదివాను. 1911లో అయిదో జార్జి రాజు, మేరీ రాణి వచ్చి దిగినందుకు గుర్తట. కట్టడం అయిపోయింది 1924లో. మా ఆయనకు ఇట్లాంటి సంగతులు భలే తెలుసు: రాజు దిగిన్నాడు ఇక్కడ ఈ రాయి ఏదీ లేదు, అట్టతో కట్టిన నమూనా చూసి పోయిండు అని చెప్పాడు. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

బ్యాగులోంచి నాయిన ఫొటో తీశాను. దాన్ని చూసుకుంటూ ఆయన నిలబడ్డ చోటు కోసం వెతకడం మొదలుపెట్టా. ముందు నుంచి నిలబడి చూస్తే కమాను వస్తుంది, తాజ్ రాదు. అటు పోతే తాజ్ వస్తుంది, పడవలు రావు. చుట్టూ తిరిగా. రెండుసార్లు తిరిగా. ఒక ముసలి ఫొటోగ్రాఫరు నన్ను చూసి దగ్గరికొచ్చి ఫొటో అడిగి తీసుకున్నాడు. ఎండకు ఎత్తిపట్టి చూశాడు. “అరే బేటీ, యే తో పర్దా హై” అన్నాడు. తెర. స్టూడియో తెర. చూడు, నీడ లేదు, కాళ్ళ కింద గచ్చు వేరే, అంచుకు మడత కూడా కనపడుతున్నది. కమాను, హోటలు, పడవలు అన్నీ ఒక్కచోట ఇట్లా కనపడాలంటే మనిషి ఎక్కడ నిలబడాలో తెలుసా అని, చెయ్యెత్తి సముద్రంలోకి చూపించిండు.

ఇన్నేండ్లు ఆ మడత నాకు కనపడలేదు. అది కాగితం నలిగిందనుకున్నా.

మా ఆయన పక్కనుంచి నవ్వి, “మామ మస్తు మోసం జేసిండు పో మనల్ని” అన్నాడు. మామూలు మాటే. మేనమామల సరసం లాంటిది. కానీ నాకు ఆరో తరగతి గుర్తొచ్చింది. ఆ సారు నవ్వు, క్లాసు నవ్వు, ఇప్పుడు ఈయన నవ్వు. ఫొటో లాక్కుని బ్యాగులో పెట్టుకుని, “సముద్రంలకు పోదాం” అన్నా. ఆయనకు అర్థం కాలేదు. అక్కడినుంచి లాంచీలు ఒక అరగంట సముద్రంలో తిప్పి తీసుకొస్తాయి. టికెట్లు నేనే కొన్నా.

లాంచీలో మా పక్క బెంచీ మీద ఒక తెలుగు కుటుంబం. మా మాటలు విని ఆ పెద్దామె సంబరపడిపోయింది. ఇంత దూరంలో మన భాష వినపడితే ప్రాణం లేచొచ్చిందమ్మా అని, డబ్బా తీసి జంతికలు పెట్టింది. నిజంగానే మంచి జంతికలు. ఏ జిల్లా, ఏం ఉద్యోగం, పిల్లలెందరు. తర్వాత “మీ ఇంటిపేరేంటమ్మా?” చెప్పాను. ఇంటిపేరుతో తెలవలేదు. “అంటే... మీరేవిట్లు?” మా ఆయన సముద్రం దిక్కు చూస్తూనే, “మాదిగోళ్ళం” అన్నాడు. ఆమె “మంచిది” అంది. డబ్బా మూత పెట్టింది. కొంచెంసేపాగి ఎండొస్తున్నదని అటు పక్కకు జరిగి కూర్చుంది. పొద్దటినుంచి బస్సులో, రోడ్డు మీద, టికెట్టు దగ్గర ఎంతమందితో మాట్లాడాం! మరాఠీ వాళ్ళు, గుజరాతీ వాళ్ళు, భయ్యాలు. ఒక్కరూ అడగలేదు. మా నాయిన ‘బొంబాయిల కులం అడుగరు’ అనేటోడు. నిజమే, తెలుగు మాట్లాడనంతసేపు అడగరు. నాయిన గుంపులోనే మాదిగలకు పొయ్యి వేరే, నీళ్ళ కుండ వేరే. ఆ కుండ కూడా ఊరి నుంచే వాళ్ళతో బొంబాయికి పోయింది.

లాంచీ మళ్ళీ తిరిగింది. అప్పుడు కనపడింది, నాయిన ఫొటో. కమాను, హోటలు, పడవలు, అన్నీ ఒకే వరుసలో. తెర గీసినవాడు ఒక్క కిటికీ కూడా తప్పు గియ్యలేదు. అప్పుడు అర్థమైంది నాకు. ఈ ఊరు ముఖం సముద్రం దిక్కు పెట్టుకుని ఉంది. ఓడ దిగి వచ్చే దొరల కోసం కట్టిన గడప ఇది. మావాళ్ళు దొడ్డిదారిన బస్సుల్ల, లారీల్ల వచ్చినోళ్ళు. ఆ ముఖం వాళ్ళకు ఎప్పుడు కనపడాలె?

ఒడ్డుకు వచ్చినంక ఆ ముసలి ఫొటోగ్రాఫరు దగ్గరే ఇద్దరం ఫొటో దిగాం. నేను ఆయనతో మాట్లాడటం లేదు. ఆ ఫొటోలో కూడా అది కనపడుతుంది.

చర్చిగేట్ నుంచి దాదర్‌కు లోకల్ బండి. ఆడవాళ్ళ డబ్బా వేరే కాబట్టి నేను వేరుగా ఎక్కాను. అదే మేలైంది. తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని దాదర్ దాకా ఏడ్చాను. చేపల గంప ముందర పెట్టుకుని కింద కూర్చున్న ఒకామె తన కొంగు చివర అందించి, తుడుచుకొమ్మని సైగ చేసింది.

రాజగృహ దాదర్‌లో హిందూ కాలనీలో ఉంది. హిందూగా చావనని 1935లో యేవలాలో ప్రకటించిన మనిషి ఇల్లు హిందూ కాలనీలో ఉండటం చూసి మా ఆయన నవ్వాలని చూశాడు గానీ, నా ముఖం చూసి ఊరుకున్నాడు. పుస్తకాల కోసం కట్టించిన ఇల్లని ఆయన చెప్తూనే ఉన్నాడు. నేను మేడకేసి చూస్తూ రమాబాయి ఏ గదిలో ఉండేదో అనుకున్నా. పరేల్ చాల్‌లో రెండు గదుల్లో అన్నేళ్ళు కాపురం చేసి, ఈ ఇంటికి వచ్చిన కొద్దికాలానికే 1935 మే 27న ఆమె పోయింది. పండరిపురం చూడాలని ఆమెకు ఉండేదట. మనల్ని లోపలికి రానియ్యని గుడికి పోయేదేందని ఆయన వద్దన్నాడు. ఆయన చెప్పిందే న్యాయం, కాదనను. కానీ ఒక మనిషి ఒక ఊరు చూడాలనుకుని చూడకుండానే పోయింది. ఆ పొద్దు నా మనసు ఆమె దిక్కే ఉన్నది.

వంతెన దాటి పడమటి దిక్కు నడిచి చైత్యభూమికి చేరేసరికి పొద్దు గుంకుతున్నది. ఎంతో పెద్దగా ఉంటుందనుకున్నా. చిన్న కట్టడం, మీద చిన్న గుమ్మటం. ఢిల్లీలో పోయిన మనిషిని తెచ్చి 1956 డిసెంబర్ 7న ఇక్కడ, ఈ ఇసుక ఒడ్డున దహనం చేశారు. ఆ గుమ్మటం 1971లో వచ్చింది. డిసెంబర్ ఆరున లక్షలమంది వచ్చే చోటు ఆ రోజు ఖాళీగా ఉంది. అయిదారుగురు ఆడవాళ్ళు, బడిపిల్లలు ఇద్దరు, ఒక పోలీసు. ఆయన లోపల నేల మీద నుదురు పెట్టి చాలాసేపు లేవలేదు. లేచినంక కళ్ళు ఎర్రగా ఉన్నయి. నేనూ మొక్కాను. నాకు ఏడుపు రాలేదు, అప్పటికే అయిపోయింది.

బయట గోడ మీద కూర్చున్నాం. కింద సముద్రం, నల్లటి నురగ, చెత్త. చెప్పు కరిచిన చోట బొబ్బ పగిలింది. ఆయన చేతిరుమాలు చింపి వేలికి కట్టాడు. కొంతసేపైనంక అడిగాడు:

“ఇక్కడ ఎంత లోతని చెప్పిండు మామ?”

“దాదర్‌ల పని చెయ్యలే” అన్నా.

రాత్రి కామాటిపురలో జొన్నరొట్టె, చేపల పులుసు. తొమ్మిదిమంది గదిలో పదకొండుమందిమి. పెద్దనాయినకు పాత ఫొటో చూపించి అడిగా. ఆయన ఏమీ దాచలేదు.

“గల్లీ మూలకు స్టూడియో ఉంటుండె. ఊరికి పోయేటోళ్ళమందరం ఆడ్నే దిగేది. అంగీ, ధోతి గూడ వాడే ఇస్తుండె. అంగీ నాకు పట్టక నేను దిగలే.” కొంచెం ఆగి అన్నాడు. “మీ నాయిన పోలేదా అంటె, పోయిండు బిడ్డా. ఒక్కపారి. కోట కాడ నైటు పని ఒడిసినంక, నేను రానంటె ఒక్కడే పోయిండు నడుసుకుంట. ఒళ్ళంత మట్టి, చేతుల గడ్డపార. పోలీసోడు సూసి దొంగనుకున్నడు. రెండు పీకి ఎల్లగొట్టిండు. దగ్గరికి పోకముందే. ఆ ఏడే దిగిండు ఈ ఫొటో.”

గదిలో పండుకున్న ఒక పిలగాడు చీకట్లో నుంచి “ఇప్పుడు కొట్టరు తాతా, ఐతారం నాడు మేం పోతం” అన్నాడు. పెద్దనాయిన “పండుకోరా” అన్నాడు.

తర్వాత మూడు రోజులు ఉన్నాం. పరేల్ చూశాం, ఘాట్కోపర్ పోయి రమాబాయి నగర్‌లో చనిపోయినోళ్ళ ఇండ్లకు పోయాం. అది వేరే రాయాలి.

తిరిగి వచ్చినంక ఊరికి పోయి నాయినకు మా కొత్త ఫొటో ఇచ్చాను. పాతదాన్ని ఎప్పటిలెక్క ఫ్రేములో పెట్టేశా. ఆయన కొత్త ఫొటోను కండ్లకు దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసిండు. పక్కింటోళ్ళను పిలిచి చూపించిండు. “నేను నిలవడ్డ కాడ్నే నిలవడ్డది నా బిడ్డ” అని చెప్పిండు. మా ఆయన ఏదో అనబోయి నా దిక్కు చూసి, “ఎండ బాగున్నది మామా ఆడ, నిలబడలేకపోయినం” అన్నాడు.

నాయిన ఫొటో మీదినుంచి కండ్లు తియ్యలేదు.

“ఎండ నాకు తెల్వదు బిడ్డా. నేను పోయినప్పుడు ఇంక తెల్లగ గాలేదు” అన్నాడు.